కొంగలకు పెట్టిన సారె

రోజు 1
పెద్ద పక్షులు: 11. గూళ్ళు: 0. పిల్లలు: 0.

ఈ రోజు ఉదయం ఏడుంబావుకి నా నెత్తిన రెట్ట పడింది! వెచ్చగా, తెల్లగా, చేప వాసనతో. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ పుస్తకం మా ఆవిడ చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

రెండేళ్ళుగా పక్షుల లెక్కల ఆఫీసు వాళ్ళిచ్చిన నల్ల గొడుగు పట్టుకుని ఈ చింతచెట్ల కింద తిరుగుతున్నాను. రెట్ట పడితే తెల్లగా కనబడాలని నల్ల గొడుగు. ఈ రోజు మాత్రం తొందరలో దాన్ని ఇంట్లోనే మరిచిపోయాను, అదృష్టం చూడండి, నేరుగా నెత్తినే పడింది. తలెత్తి చూస్తే పదకొండు ఎర్రకాళ్ళ కొంగలు. పసుపుపచ్చ ముక్కులు, రెక్కల చివర గులాబిరంగు. ఒకటి నావైపు తల వంచి చూసింది. నేను దండం పెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ తిప్పక్క వాకిట్లో ఉంది.

"ఏమయ్యా, నెత్తిన రెట్ట ఏసుకోని నగుతాండావు! పిచ్చిగాని పట్టిందా?"

"వచ్చినారే! ఆడబిడ్డలు వచ్చినారు!"

చీపురు కింద పడేసి వీధిలోకి పరిగెత్తింది. అరవై ఆరేళ్ళ మనిషి.

ముందు రెట్టను చెంచాతో గీకి, ఆఫీసు పొట్లంలో వేసి, తేదీ రాసి, సంతకం పెట్టాను. తల కడుక్కోవడం తర్వాత. రెట్ట లేకపోతే నా లెక్కను ఎవరూ నమ్మరు. పట్నాల్లో పార్కులకి బొమ్మ కొంగలు కొని వదిలిన కాలం ఇది. అవి ముక్కులు టకటకలాడిస్తాయి, రెక్కలు సర్దుకుంటాయి, సాయంత్రానికి బుద్ధిగా చెట్టెక్కుతాయి. కొన్ని ఊళ్ళ వాళ్ళు వాటినే చూపించి పక్షుల లెక్క పెంచుకున్నారు. లెక్కపెట్టే యంత్రాలు కూడా మోసపోయాయి. ఆ గొడవ తర్వాతే మనిషి కన్నుకీ, కాగితానికీ, సిరాకీ మళ్ళీ విలువ వచ్చింది. బొమ్మ అన్నీ చేస్తుంది గాని రెట్ట వెయ్యదు. ఏడో తరగతి చదివిన ఈ ఓబులేసుకి కంటి లెక్క ఉద్యోగం అలా దొరికింది.

రోజు 4
పెద్దవి: 37. గూళ్ళు: 2.

మా అమ్మాయి సుంకమ్మతో మాట్లాడాను. మా అమ్మ పేరే పెట్టుకున్నాను. పట్నంలో చేపమేడలో పని చేస్తుంది. పద్నాలుగు అంతస్తులు, అంతస్తుకొక చెరువు. మట్టి తగలకుండా చేపలు పెరుగుతాయి. తను ఆరో అంతస్తులో డ్రమ్ములకు మూతలు బిగించే చోట ఉంటుంది. ఇప్పుడు ఏడో నెల.

"నాయనా, నిజంగానే వచ్చినాయా? బొమ్మలు కాదు గదా?"

"నా నెత్తి మీద రుజువు పడిందమ్మా!"

ఎంత నవ్విందో! కడుపుతో ఉన్నదానివి అంత నవ్వకూడదన్నాను. నవ్వుతూనే ఏడ్చింది. చిన్నప్పుడు ఈ మిద్దె మీద నిలబడి గూళ్ళు లెక్కపెట్టడం దానికి నేనే నేర్పించాను. ఒకటి నుంచి నూరు దాకా అంకెలు దానికి కొంగల్లోనే వచ్చాయి.

మా ఊళ్ళో ఈ పక్షుల్ని పక్షులనరు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలంటారు. అవి గుడ్ల మీద ఉన్నన్నాళ్ళు టపాకాయ కాల్చరు, చింతకాయ రాల్చరు, పెళ్ళి ఊరేగింపులో మేళం ఊరి బయటే ఆగిపోతుంది. రెట్టతో మిద్దెలు తెల్లబడినా ఎవరూ కసరరు. బిడ్డల తల్లి ఇంట్లో ఉంటే ఇల్లు శుభ్రంగా ఉంటుందా?

ఈ ఏడు వీళ్ళు రాకపోయి ఉంటే మా పని అయిపోయేది. ఊరి చుట్టూ ఆరు మైళ్ళ మేర నిశ్శబ్ద వలయం ఉంది. సరుకులు మోసే గాలిబండ్లు ఈ వలయంలోకి రాకూడదు. పక్షులు లేని ఊరికి వలయం ఎందుకని గాలిబండ్ల వాళ్ళు అడిగారు. సర్కారు వాళ్ళు మూడేళ్ళు గడువిచ్చారు. ఆ మూడేళ్ళలో ఒక్క ఏడైనా ఇక్కడ పుట్టిన అరవై పిల్లలు ఎగరాలి. ఎగరకపోతే దారి తెరుస్తారు. ఆ దారి సరిగ్గా మా చింతచెట్ల మీదుగా పోతుంది. రెండేళ్ళు సున్నా రాశాను. ఇది మూడోది.

రోజు 17
పెద్దవి: 212. గూళ్ళు: 94.

రెండువందల పన్నెండు! మూడుసార్లు లెక్కపెట్టాను. మిద్దె మీది నుంచి ఒకసారి, అద్దం కర్రతో ఒకసారి, చివరికి తిప్పక్క చేత ఒకసారి. అద్దం కర్ర నేనే చేశాను. పొడుగాటి వెదురుకి చివర గుండ్రటి అద్దం కట్టి ఏటవాలుగా పెడితే గూటిలో ఏముందో కింది నుంచే కనబడుతుంది. తిప్పక్కకి రెండువందల పద్నాలుగు వచ్చాయి. రెండు కాకుల్ని కలిపింది.

ఒక్కటే దిగులు. చెరువులో నీళ్ళు మోకాటి లోతే ఉన్నాయి, చేప లేదు. కొంగలు రోజంతా నోరు తెరిచి బురదలో నడుస్తున్నాయి, సాయంత్రానికి ఖాళీగా వస్తున్నాయి. పుట్టింట్లో ఆడబిడ్డ పస్తుండటం నేను చూడగలనా?

సర్పంచి ఎర్రిస్వామిని కలిశాను. వరసకి నన్ను మామా అంటాడు.

"కాలవ నీళ్ళు ఇంకో రెన్నెల్లకి గాని రావు మామా. నేనేం జేసేది? నా నెత్తిన పోసుకోని తేనా?"

"తిండి లేకపోతే గుడ్లు పెట్టకుండానే లేచిపోతాయిరా."

"నీ కూతురు చేపల మేడలోనే గదా ఉండేది?" అన్నాడు.

నాకెందుకు తట్టలేదో! అక్కడికక్కడే సుంకమ్మకి ఫోను చేశాను.

రోజు 21
పెద్దవి: 219. గూళ్ళు: 101.

ఈ రోజు గురించి ఎంత రాసినా తనివి తీరదు.

మా అమ్మాయి వచ్చింది. ఆమె వెనకే పన్నెండు డ్రమ్ములు వచ్చాయి. తూకానికి రాని చిన్న చేపలు, చేపమేడ వాళ్ళు ఎలాగూ పిండి కొట్టేస్తారట. అధికారిని బతిమాలి అనుమతి రాయించుకుని తెచ్చింది. వారం వారం ఇంకా వస్తాయి. కాగితం కూడా చూపించింది. అవి తాళం వేసిన చేపలు. అంటే మేతలోనే మందు పెడతారు, అవి గుడ్లు పెట్టవు. పొరబాటున ఏ చెరువులోనో పడినా అక్కడి నాటు చేపల్ని మింగేసి పెరిగిపోకుండా సర్కారు పెట్టిన నియమం. "చెరువులో వదిలినా హాని లేదు" అని కాగితం మీద ముద్ర ఉంది. చెరువు మీద వాళ్ళకెంత శ్రద్ధ!

డ్రమ్ము మూత మీద ఇంకో మాట ఉంది. "ఉడికించి మాత్రమే వాడవలెను." నేను పైకి చదివి నవ్వాను.

"ఏం మా, కొంగలకి పొయ్యి గూడా పెట్టల్లనా?"

"పెట్టు నాయనా, ఉప్పూ కారం నేనేస్తా," అంది సుంకమ్మ.

అందరం నవ్వాం. ఆ మూతలు దాని చేత్తో బిగించినవే.

మధ్యాహ్నం దానికి సీమంతం చేశాం. ఊరి ఆడవాళ్ళు పచ్చగాజులు తెచ్చారు. సగం దాని చేతులకి వేశారు, సగం చింతకొమ్మలకి కట్టారు. ఆనవాయితీ అదే. చెట్ల మొదళ్ళకి పసుపునీళ్ళు చల్లారు. అమ్మాయికి సారె చలిమిడి, అరిసెలు. కొంగలకి సారె చేపలు. నేనే బుట్టతో తీసి చెరువు లోతట్టు మడుగులో పోశాను. వెండిలా మెరిశాయి. అరగంటలో నూటఇరవై కొంగలు దిగాయి. ఏమి తిన్నాయి! ఏమి తిన్నాయి! నా కడుపు నిండిపోయింది. ఈ సాయంత్రం నేను అన్నం తినలేదు. ఆకలి వెయ్యలేదు.

రోజు 31
పెద్దవి: 219. గూళ్ళు: 106. గుడ్లున్న గూళ్ళు: 98.

అద్దం కర్ర పట్టుకుని మెడ పట్టేసింది. గూటికి మూడు, నాలుగు గుడ్లు. ఒకదానిలో అయిదు! సుంకమ్మ మంచం మీద కూర్చుని నేను అరిచిన అంకెలన్నీ కూడింది. మూడువందల నలభై ఒక్క గుడ్లు. సగం పోయినా నూటడెబ్భై పిల్లలు. మాకు అరవై చాలు.

రోజూ రెండు డ్రమ్ములు పోస్తున్నాను. పొద్దున్నే మడుగు దగ్గరికి వెళ్ళేసరికి కొంగలు నాకోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఒకటి నా ధోవతి అంచు లాగింది.

లెక్కల ఆఫీసు నుంచి నీరజాక్షి మేడమ్ వచ్చి చూసి వెళ్ళింది. రెట్ట పొట్లాలు ఇరవై ఆరు తీసుకుంది. "జిల్లా మొత్తానికి మీ ఊరిదే మొదటి స్థానం ఓబులేసుగారూ," అంది. నన్ను గారు అన్న మొదటి ఆఫీసరు ఆమే.

రోజు 61
పెద్దవి: 219. పిల్లలు: 0.

ముప్పై రోజులకి పగలాలి. ఈ రోజు ముప్పై. ఒకటో రెండో ముందు పెట్టినవి ఇప్పటికే పగిలి ఉండాలి. ఆలస్యం అవుతుందిలే. మా సుంకమ్మ పుట్టినప్పుడు కూడా మంత్రసాని చెప్పిన రోజుకి తొమ్మిది రోజులు ఆలస్యం.

రోజు 66
పిల్లలు: 0.

మనవరాలు పుట్టింది! పొద్దున పదకొండు గంటలకి! మూడు కిలోల రెండువందలు! జుట్టు ఎంతుందో! ఏడుపు మూడు వీధులు వినబడింది. చింతచెట్ల మీద కొంగలన్నీ ఒక్కసారి తలలెత్తి మా ఇంటివైపు చూశాయి. దేవుడి మీద ఆన, చూశాయి.

పిల్లని నా చేతుల్లో పెట్టారు. నా వేలు పట్టుకుంది. నేను ఏడ్చాను. తిప్పక్క నన్ను చూసి ఏడ్చింది. ఆ తర్వాత బెల్లం పంచడానికి వీధిలోకి పోయి, అలవాటుగా అద్దం కర్ర ఎత్తి మొదటి గూట్లో చూశాను.

నాలుగు గుడ్లు. అలాగే ఉన్నాయి. తల్లి కాస్త లేచి, ముక్కుతో ఒక్కొక్క గుడ్డునీ మెల్లగా తిప్పి మళ్ళీ కూర్చుంది.

రోజు 70
పిల్లలు: 0.

తొంభై ఎనిమిది గూళ్ళూ చూశాను. ఒక్కటి పగల్లేదు. ఎండకి నోళ్ళు తెరుచుకుని, రెక్కలు గొడుగుల్లా పట్టి, అవి గుడ్లకి నీడ ఇస్తున్నాయి. ఇంకా రెండు డ్రమ్ముల చేప పోసి వచ్చాను. బాలింతలకి బలం కావాలి కదా.

గాలికి ఒక గుడ్డు కింద పడింది. పగలగొట్టి చూశాను. లోపల పచ్చసొన పచ్చసొనలాగే ఉంది. నలభై రోజులు పొదిగిన గుడ్డు ఈ పొద్దు పెట్టినట్టు ఉంది. ఇలాంటిది నా జన్మలో చూడలేదు. రెట్ట పొట్లంలోనే దాన్ని ఆఫీసుకి పంపాను.

రోజు 76
పిల్లలు: 0.

నీరజాక్షి మేడమ్ స్వయంగా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పక్షులకి ఏం పెట్టారు ఓబులేసుగారూ?"

"సారె పెట్టినాం మేడమ్."

"సారె అంటే?"

సుంకమ్మ లోపల తొట్టి ఊపుతోంది. ఆ ఊపు ఆగింది. నేను చెప్పాను. అంతా చెప్పాను. డ్రమ్ములు, మడుగు, ధోవతి అంచు లాగిన పక్షి. మేడమ్ తల దించుకుని విన్నది.

"ఆ గుడ్డులో తాళం మందు ఉంది. చేప గుడ్డు పెట్టకుండా వేసేది. పక్షి కడుపులోకి వెళ్తే పక్షి గుడ్డులో ప్రాణం లేవదు. ఉడికిస్తే ఆ మందు విరిగిపోతుంది. అందుకే మనుషులకి ఏమీ కాదు. మూత మీద రాసే ఉంటుంది."

"రాసుండాది," అంది సుంకమ్మ గడప దగ్గర నిలబడి. "నేనే బిగించినా. రోజుకి నాలుగునూర్లు. ఉడికించి మాత్రమే అని. నీచు గదా, వండుకోని తినమని రాసినారేమో అనుకొన్యా నాయనా."

"నేనూ అట్లే అనుకొన్యా మ్మా."

"నవ్వితిమి గదా నాయనా. పొయ్యి పెట్టల్లనా అని."

మేడమ్ చెప్పులు వేసుకుంది. వెళ్ళేటప్పుడు, ఎగిరిన పిల్లల లెక్క రాయడానికి ఇంకా గడువుందని మాత్రం చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు తెలియదు. ఆమె మంచిదే.

తర్వాత నేను పెరట్లోకి పోయి మిగిలిన మూడు డ్రమ్ముల మీద మన్ను పోశాను. ఊళ్ళో ఎవరూ ఆ పక్షుల మీద ఒక రాయి వెయ్యలేదు. ఒక కొమ్మ నరకలేదు. వాటికోసం మేళాలు ఆపుకున్నాం. వేటగాడైతే రెంటినో మూటినో కొట్టి తినేవాడు. నేను మూడువందల నలభై ఒకటి.

రోజు 79
పెద్దవి: 206. పిల్లలు: 1.

ఎర్రిస్వామి ఒక అట్టపెట్టె తెచ్చి మంచం మీద పెట్టాడు. లోపల తెల్లటి నూగు, నల్లటి ముక్కు, సన్నటి మెడ. కొంగపిల్ల. బొమ్మ.

"అరవై చెప్పి పెట్టినా మామా. ఎండ తగిల్తే నోరు తెరుస్తాది, నీడ పడితే మూస్తాది. బ్యాటరీ గూడా అక్కర్లా."

"తీసుకోని పో."

"ఇను. పెద్ద పక్షులకే రెట్ట అడుగుతారు. పిల్లలకి అడగరు. నిజం తల్లి కింద బొమ్మ పిల్లని పెడతారని ఎవునికీ తట్టలా. రాసేవోనివి నువ్వే, చూసేవోనివి నువ్వే."

"అందుకేరా నన్ను పెట్టినారు!"

"తెలుసు మామా." మెల్లగా అన్నాడు. ఇతను చెడ్డవాడు కాదు. మొన్న గుడ్ల సంగతి విని చెట్టుకి తల ఆనించి ఏడ్చినవాడు ఇతనే. "వలయం పోతే వచ్చే ఏడు తావు గూడా ఉండదు. ఈ ఏడు తప్పు మనది. వచ్చే ఏడు వస్తే మంచి చేపలు తెచ్చి పెట్టుకుందాం. రాడానికి చెట్టన్నా నిమ్మళంగా ఉండల్ల గదా? రోజుకి వెయ్యి గాలిబండ్లు పోతాయి, నీ మనవరాలి తొట్టి మీదగా."

లోపల పాప పాలకి ఏడుస్తోంది. నేను వాదించలేదు. ఒక్కటి పెట్టి చూద్దాం అన్నాను. అవును, నేనే అన్నాను. ఇక్కడ అబద్ధం రాయను.

మా మిద్దెకి ఆనుకున్న చెట్టులో చివరి గూడు. తల్లి మడుగుకి వెళ్ళినప్పుడు ఎర్రిస్వామి నిచ్చెన ఎక్కి, గుడ్లు తీసి బొమ్మని పెట్టాడు. అతను దిగిన తర్వాత ఈ పేజీ పైన అంకె రాశాను. పిల్లలు: 1. అంకె బాగానే వచ్చింది.

రోజు 81
పెద్దవి: 190. పిల్లలు: 0. మొన్న రాసిన 1 కొట్టివేశాను. నా సంతకం పక్కనే ఉంది.

ఎందుకు కొట్టివేశానో రాస్తాను.

తల్లి వచ్చింది. బొమ్మని చూసింది. ముక్కుతో నూగు సర్దింది. ఎండ తగిలి బొమ్మ నోరు తెరిచింది. తల్లి మడుగులో మిగిలిన చేపల్ని తెచ్చి, గొంతులోంచి కక్కి దాని ముందు వేసింది. బొమ్మ తినలేదు. నోరు తెరుచుకునే ఉంది. తల్లి ఆ చేపల్ని మళ్ళీ తనే మింగి, మెత్తగా చేసి, మళ్ళీ కక్కింది. ఎండ ముదిరింది. రెక్కలు విప్పి నీడ పట్టింది. నీడ పడగానే బొమ్మ నోరు మూసుకుంది. బిడ్డ కడుపు నిండి పడుకుందనుకుందో ఏమో, ఆ కొంగ ముక్కుని టకటకలాడించింది. నలభై ఏళ్ళుగా ఆ చప్పుడు నాకు తెలుసు. సంతోషంగా ఉన్నప్పుడు చేసే చప్పుడు.

మళ్ళీ చేపలకి ఎగిరింది. నీడ పోయింది. బొమ్మ నోరు తెరిచింది. తల్లి దారిలోనే వెనక్కి తిరిగింది.

రెండు రోజులు ఇదే. మూడు కక్కులు, ఒక నీడ, ఒక ఎగురు, ఒక వెనక్కి. తను ఒక్క చేప తినలేదు. ఎండ ఉన్నంతసేపూ బొమ్మకి ఆకలి. తక్కిన గూళ్ళలో తల్లులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. ఈ ఒక్కటే సంతోషంగా ఉంది.

సుంకమ్మ పాపకి పాలిస్తూ కిటికీలోంచి చూస్తోంది. నన్ను పిలవలేదు. పాపని తిప్పక్కకి ఇచ్చి, నిచ్చెన తనే ఈడ్చుకొచ్చింది.

"బాలింతవి, ఎక్కగూడదు మా!"

"నువ్వు డెబ్భై ఏండ్లోనివి. నీకేమన్నా అయితే నాకు ఎవరుండారు? పట్టుకో నాయనా, నిచ్చెన పట్టుకో."

ఎక్కి బొమ్మని తీసింది. కొంగ దాని చేతిని పొడిచింది. రక్తం కారుతున్నా సుంకమ్మ చెయ్యి వెంటనే వెనక్కి తియ్యలేదు. పొడవనిచ్చింది.

ఎర్రిస్వామి మిగతా యాభై తొమ్మిది పెట్టెలూ వెనక్కి పంపాడు. 

రోజు 88
పెద్దవి: 1. పిల్లలు: 0.

ఆ ఒక్కటీ ఇంకా ఉంది. ఖాళీ గూటి మీద రెక్కలు విప్పి నిలబడుతోంది.

రోజు 93
పెద్దవి: 0. గూళ్ళు: 106. పిల్లలు: 0.

ఆడబిడ్డని పుట్టింటి నుంచి వట్టి చేతులతో పంపకూడదంటారు మా ఊళ్ళో. రెండువందల పంతొమ్మిది మందిని పంపాం. చింతకొమ్మలకి పచ్చగాజులు ఇంకా ఉన్నాయి. గాలికి గలగలమంటున్నాయి. విప్పమని ఎవరూ అనడం లేదు, విప్పడానికి ఎవరూ రావడం లేదు.

రోజు 97

ఆఫీసు కాగితం నింపాను. "పిల్లలు ఎగరకపోవడానికి కారణం" అని ఉంది. కింద గళ్ళు. నీటి కొరత. తుఫాను. రోగం. వేట. చెట్ల నరికివేత. ఇతరం. ఇతరం పక్కన జానెడు గీత. "సారె పెట్టాం" అని రాసి సంతకం పెట్టాను.

"ఇలా రాస్తే పైవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?" అంది నీరజాక్షి మేడమ్.

"మూతల మీద ఎందుకనేది గూడా రాయమనండి మేడమ్. ఉడికించి వాడండి అంటే మాకు కూర గుర్తొచ్చింది. పచ్చిది పక్షి తింటే గుడ్డు చస్తాదని రాసుంటే, ఏడో తరగతి చదివినోనికి గూడా తెలిసేది."

ఆమె రాసుకుంది. నెల తర్వాత ఇక్కడే చేరుస్తున్నాను: చేపమేడ వాళ్ళ నుంచి జవాబు వచ్చింది. మూత మీద అంత చోటు లేదట.

రోజు 154

వలయం ఎత్తేశారు. నిన్న పొద్దున తొమ్మిదికి మొదటి గాలిబండి చింతచెట్ల మీదుగా పోయింది. సాయంత్రందాకా లెక్కపెట్టాను, అలవాటు పోదు కదా. ఎనిమిదివందల పన్నెండు. వాటికి రెట్ట రుజువు ఎవరూ అడగరు.

ఈ రోజు మా సుంకమ్మ పాపని తీసుకుని అత్తగారింటికి బయలుదేరింది. చేపమేడ పనికి మళ్ళీ వెళ్ళనంది. పాప ఇప్పుడు నన్ను చూసి నవ్వుతుంది! బోసినోటితో, కళ్ళు చికిలించి! ఇంత అందమైన పిల్ల ఈ జిల్లాలో లేదు, మేము ఊరికే అనడం లేదు, వచ్చినవాళ్ళందరూ అన్నారు. నా గుండె నిండుగా ఉంది. ఆ పక్కనే ఇంకోటి కూడా ఉంది, దానికి పేరు పెట్టలేను. రెండూ ఒకే గుండెలో ఎలా పడుతున్నాయో!

తిప్పక్క సారె సర్దింది. చలిమిడి, అరిసెలు, చీర, పాపకి వెండి మొలతాడు. నేను బుట్ట పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఇవ్వడానికి చేతులు రాలేదు.

"ఇట్ల ఇయ్యి నాయనా."

"ఇందులో ఏముండాదో ఒకసారి చూసుకోమ్మా. అన్నీ చూసుకో."

మూత తీసి, ఒక్కొక్కటే తీసి చూసింది. నా తృప్తి కోసం చలిమిడి వాసన కూడా చూసింది. తర్వాత బుట్ట చంకకి ఎత్తుకుంది. ఆ చేతి మీద కొంగ పొడిచిన మచ్చ తెల్లబడింది.

"వచ్చే ఏడు రాస్తావా నాయనా, పుస్తకం?"

"వస్తే రాస్తా."

"రాకున్నా రాయి."

బండి మలుపు తిరిగేదాకా చూసి, చింతచెట్ల కిందికి నడిచాను. ఏడుంబావు దాటిపోయింది, అయినా నిలబడ్డాను. పైన గాలిబండ్ల నీడలు ఒకదాని వెనక ఒకటి నా మీదుగా పోతున్నాయి. గొడుగు ఇంట్లోనే వదిలి వచ్చాను. ఈసారి మరిచిపోయి కాదు.

మధ్యాహ్నందాకా ఉన్నాను. నెత్తి శుభ్రంగానే ఉంది.

పెద్దవి: 0. గూళ్ళు: 71. పిల్లలు: 0.

ఓబులేసు, కంటి లెక్క.